సూది మొనన నవ్వు: గళ్ళు లెక్కపెట్టే మన చేతుల కథ



ఈసారి పోస్టు పొడుగుంది. చాయ్ పెట్టుకుని తీరికగా చదవండి.

మన షోలాపూర్ తూర్పు భాగం పేటల్లో పాత ఇళ్ళకు పోతే గోడ మీద ఒక గుడ్డ ముక్క కనిపిస్తుంది. గళ్ళ మ్యాటీ గుడ్డ మీద ఎర్ర దారంతో గులాబీలు, రెండు చిలకలు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో 'వెల్‌కమ్'. దిండు గలీబు మీద 'స్వీట్ డ్రీమ్స్', టీవీ మీద కప్పే గుడ్డకు బాతుల వరుస. కుట్టిన ఆమెకు ఇంగ్లీషు వచ్చా అంటే చాలా ఇళ్ళల్లో రాదు. ఆమెకు వచ్చింది లెక్క. పై వరుసలో మూడు గళ్ళు కుట్టు, రెండు వదులు, మళ్ళీ మూడు కుట్టు. అట్ల వరుస మీద వరుస పోతే అక్షరం దానంతట అదే నిలబడింది. అదే క్రాస్ స్టిచ్. ఒక గడికి ఒక ఇంటూ మార్కు, అంతే.

ఇప్పుడు లోకమంతా ఇదే కుట్టుతో ఒక కొత్త సరదా నడుస్తోంది. చుట్టూ అమ్మమ్మల కాలం నాటి పూలతీగ, మధ్యలో మిరపకాయలాంటి మాట. పూలు చూసి దగ్గరికి వస్తారు, మాట చదివి పక్కున నవ్వుతారు. కొత్తగా నేర్చుకునే వాళ్ళు చిన్న మాటతో మొదలుపెడతారు, చేయి తిరిగిన వాళ్ళు బొమ్మలతో సహా పెద్ద పటం కుడతారు. మన ఆడపిల్లలు కొందరు ఫోన్లలో ఇవి చూసి నేర్చుకుంటున్నారు. "ఇదేం పని, పనికొచ్చేది నేర్చుకోవచ్చు కదా" అనే పెద్దలు కూడా ఉన్నారు. ఆ పెద్దల కోసమే ఈ చరిత్ర. ఈ నవ్వు కుట్టుకు మన నేతకు చుట్టరికం ఉంది. అంతకన్నా ముఖ్యంగా, మన పేటల్లో చేజారిపోతున్న ఒక వస్తువును నిలబెట్టుకునే దారి ఇందులో ఉంది. ఆ వస్తువు ఏమిటో ముందుకు పోయినాక చెప్తాను.

ముందు మన పొరుగు సంగతి. షోలాపూర్ దాటి దక్షిణానికి పోతే కన్నడ సీమ. ధార్వాడ, హుబ్బళ్ళి వైపు ఆడవాళ్ళు ఇరకల్ చీరల మీద కుట్టే కసూతి మీలో చాలామందికి తెలుసు. గోపురం, రథం, ఏనుగు, తులసికోట, అన్నీ దారాలు లెక్కపెట్టి కుట్టేవే. గుడ్డ మీద పెన్సిల్ గీత కూడా ఉండదు. కసూతిలో నాలుగు రకాల కుట్లు ఉన్నాయి: గవంతి, ముర్గి, నేగి, మెంతి. ఈ నాలుగోది మన క్రాస్ స్టిచ్చే. మెంతి గింజలు చల్లినట్టు కనిపిస్తుందని ఆ పేరు. మూడోదాని పేరు చూడండి, నేగి అంటే నేత. నేత లాగా కనిపించే కుట్టు అని. అంటే సూది పట్టిన ఆమె ఎప్పటి నుంచో మగ్గం వైపు చూస్తూనే ఉంది.

ఇక పడమటి దేశాల సంగతి. అక్కడ ఆడపిల్ల చదువు చాలాకాలం సూదితోనే మొదలయ్యేది. 'శాంప్లర్' అనే గుడ్డ మీద అక్షరాలు, అంకెలు, పూలు, నీతి వాక్యాలు కుట్టించేవాళ్ళు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జేన్ బోస్టాక్ అనే ఆమె కుట్టిన శాంప్లర్ ఉంది. దాని మీద 1598 అని సంవత్సరం కుట్టి ఉంది. తేదీ ఉన్న ఇంగ్లీషు శాంప్లర్లలో దొరికిన వాటిలో అదే పాతది. ఒక పాప పుట్టిన సంగతి, అక్షరమాల, నక్షత్రాల్లాంటి నమూనాలు, కుక్క, జింక, అన్నీ ఆ ఒక్క గుడ్డ మీదే. ఆ ఇళ్ళల్లో గుడ్డలకు గుర్తు అక్షరాలు కుట్టడానికి కూడా ఈ చదువు అవసరమయ్యేది. దుప్పటి ఎవరిదో చాకలికి తెలియాలి కదా.

నీతి వాక్యాలు కుట్టించడం వెనుక ఇంకో లెక్క కూడా ఉంది. పిల్ల తల వంచుకుని గంటలకొద్దీ కూర్చోవాలి, ఓర్పు రావాలి, మాట తగ్గాలి. రోజిక పార్కర్ అనే చరిత్రకారిణి 1984లో ఈ విషయం మీద ఒక పుస్తకమే రాసింది. ఆడవాళ్ళను అణకువగా ఉంచడానికి వాడిన సూదే వాళ్ళ చేతిలో ఎదురుతిరిగే పనిముట్టు ఎట్ల అయిందో ఆమె అందులో చూపించింది. మనకు ఇది కొత్త మాటా? మన ఇళ్ళల్లో రోకటి పాటల్లో, పెండ్లి పాటల్లో వియ్యపురాలిని ఆడవాళ్ళు ఎట్ల ఆడుకునేవాళ్ళో గుర్తు చేసుకోండి. చేతులు పనిలో ఉంటాయి, నోరు దాని పని అది చేసుకుపోతుంది.

ఆ తల వంచుకున్న పిల్లల్లో ఒకతి పేరు ప్యాటీ పోక్. అమెరికాలోని మేరీలాండ్ పిల్ల. సుమారు 1800 నాటి సంగతి. పదేళ్ళ వయసులో బలవంతాన శాంప్లర్ ముందు కూర్చోబెడితే, ఆ గుడ్డ మీదే తన కోపం కుట్టేసింది. ఇందులో వేసిన ప్రతి కుట్టూ నాకు పరమ అసహ్యం, నాకు చదువుకోవడమే ఇష్టం అని దాని సారాంశం. అసహ్యం అని చెప్పడానికి కూడా అన్ని కుట్లు కుట్టాల్సి వచ్చింది పాపం. ఇప్పుడు దుకాణాల్లో అమ్ముతున్న హాస్యం క్రాస్ స్టిచ్‌కు ఈ పిల్లను ముత్తవ్వ అనుకోవచ్చు.

అందరి సంగతీ నవ్వే కాదు. అదే లండన్ మ్యూజియంలో 1830 నాటి ఒక తెల్లని గుడ్డ ఉంది. దాని మీద ఒక్క పువ్వు లేదు, అంచు లేదు. పై నుంచి కిందికి సన్నటి ఎర్ర క్రాస్ స్టిచ్ అక్షరాలే. కుట్టింది ఎలిజబెత్ పార్కర్, పదిహేడేళ్ళ ఇంగ్లీషు పనిమనిషి. పని ఇచ్చిన ఇంట్లో పడ్డ బాధలు, చచ్చిపోదామనుకున్న సంగతి అన్నీ అందులో చెప్పుకుంది. తనకు రాయడం రాదని మొదట్లోనే కుట్టింది. కలం పట్టడం రాని పిల్ల సూదితో అంత పొడుగు ఉత్తరం చెప్పింది. చివరి వాక్యం మధ్యలోనే ఆగిపోయింది, మిగతా గుడ్డ ఖాళీ. ఆమె ఏమైపోయిందోనని భయపడకండి. బతికింది, తర్వాత బడిలో పంతులమ్మగా పనిచేసింది.

ఈ ఎలిజబెత్ కథ గుర్తుపెట్టుకోండి. రాయడం రాని చేతికి కుట్టడం వచ్చు అన్న మాట మనకు మళ్ళీ పనికొస్తుంది.

మూడో మనిషి సిపాయి. బ్రిటిష్ మేజర్ అలెక్సిస్ కాస్డాగ్లీ రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, జర్మన్లకు ఖైదీగా దొరికాడు. పొద్దు గడవక, ఒక గ్రీకు జనరల్ పాత స్వెట్టర్ నుంచి ఊడదీసిన దారాలతో క్రాస్ స్టిచ్ మొదలుపెట్టాడు. బుద్ధిగా తన పేరు, శిబిరం పేరు, తేదీ కుట్టాడు. చుట్టూ చుక్కలు, గీతల అంచు వేశాడు. జర్మన్ అధికారులకు ఆ పనితనం ఎంత నచ్చిందంటే నాలుగు శిబిరాల్లో దాన్ని ప్రదర్శనకు పెట్టారు. ఆ చుక్కలు గీతలు తంతి ఆఫీసు వాళ్ళు వాడే మోర్స్ కోడ్. ఒక వరుసలో రాజును దేవుడు కాపాడాలని ఉంది, ఇంకో వరుసలో హిట్లర్‌కు ఒక పచ్చి బూతు ఉంది. కావలివాళ్ళు దాన్ని మెచ్చుకుని వాళ్ళ చేతులతోనే గోడకు తగిలించారు. తల వంచుకుని కుట్టుకునే మనిషిని ఎవరూ అనుమానించరు అనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఉండదు.

ఇప్పటి అలకు వస్తే, అమెరికాలో జూలీ జాక్సన్ అనే ఆమె 2003లో 'సబ్వర్సివ్ క్రాస్ స్టిచ్' అనే పేరుతో పూలంచుల మధ్య ఘాటు మాటలు పెట్టిన నమూనాలు అమ్మడం మొదలుపెట్టింది. ఆఫీసు విసుగు, ఇంటి విసుగు, చుట్టాల విసుగు, అన్నీ పూల మధ్య కూర్చున్నాయి. తర్వాత ఎంతమంది ఆ దారి పట్టారో లెక్క లేదు. ఈ హాస్యం కిటుకు చాలా సులువైనది. నోటితో అంటే తగాదా అయ్యే మాటను రెండు వారాలు ఓపికగా కూర్చుని, పూలు చుట్టి, అద్దం బిగించి గోడకు పెడితే నవ్వు అవుతుంది. కోపం రెండు వారాలు నిలవదు కాబట్టి మిగిలేది హాస్యమే.

సరే, ఇందులో నేతగాళ్ళ సంగతి ఎక్కడుంది? ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి.

క్రాస్ స్టిచ్ నమూనాను గళ్ళ కాగితం మీద రంగు రంగులుగా అచ్చువేసి అమ్మే పని 1804 ప్రాంతంలో బెర్లిన్‌లో ఫిలిప్సన్ అనే వ్యాపారి మొదలుపెట్టాడు. 1810లో విట్టిష్ అనే ఇంకో వ్యాపారి దాన్ని ఇంకా మేలుగా చేసి యూరప్ అంతా అమ్మాడు. అంతకుముందు నమూనా ఒక ఆమె చేతి నుంచి ఇంకో ఆమె చేతికి గుడ్డ రూపంలో పోయేది. కాగితం వచ్చాక ఎవరైనా, ఎక్కడున్నా, గళ్ళు చూసి కుట్టుకోవచ్చు.

సరిగ్గా అదే రోజుల్లో, 1804లో, ఫ్రాన్స్ లియాన్ ఊళ్ళో జోసెఫ్ మరీ జకార్డ్ తన మగ్గం యంత్రాన్ని బయటికి తెచ్చాడు. మన కార్ఖానాల్లో మగ్గం నెత్తి మీద కూర్చుని, కార్డుల మాల తిప్పుకుంటూ ఉండే జకార్డ్‌కు ఆ పేరు ఈయనదే. డిజైన్ ముందు గళ్ళ కాగితం మీదికి ఎక్కాలి. కాగితం మీద అడ్డ వరుస అంటే ఒక పేక. రంగు వేసిన గడి దగ్గర కార్డుకు రంధ్రం పడుతుంది. రంధ్రం ఉన్నచోట కొక్కెం పడుగు దారాన్ని పైకి లేపుతుంది, లేనిచోట దారం కిందే ఉంటుంది. నాడె దాటిపోతుంది. పై కార్డు పోయి తర్వాతి కార్డు వస్తుంది. 1839లో లియాన్‌లో జకార్డ్ బొమ్మనే పట్టు మీద నేశారు. దానికి 24,000 కార్డులు పట్టాయి. దూరం నుంచి చూసి అది అచ్చు చిత్రమనుకున్నవాళ్ళు ఉన్నారు. లెక్కల యంత్రం కలగన్న చార్లెస్ బాబేజ్ ఆ పటాన్ని తెప్పించుకుని ఇంట్లో పెట్టుకున్నాడు. తన యంత్రానికి కూడా అవే కార్డులు వాడాలని తలపోశాడు. కంప్యూటర్ తాతల్లో ఒకరు మగ్గం అంటే అతిశయోక్తి కాదు.

అంటే కుట్టే ఆమె చేతిలోని గళ్ళ కాగితం, కార్ఖానాలో డిజైనర్ బల్ల మీది గళ్ళ కాగితం ఒకే రకం కాగితం. ఒకటి సూదికి, ఒకటి రంధ్రానికి. 1980లలో ఆపిల్ కంప్యూటర్‌కు చిన్న బొమ్మలు గీసిన సుజాన్ కేర్ కూడా గళ్ళ నోట్‌బుక్ కొనుక్కుని, అడ్డం 32 నిలువు 32 గళ్ళల్లో మొదలుపెట్టింది. ఫోన్‌లో మీరు నొక్కే గుర్తులకు కూడా మూలం గడే.

మనవాళ్ళు ఈ ఊరికి వచ్చిన కథ మీకు చెప్పనక్కర లేదు, అయినా రెండు ముక్కలు. షోలాపూర్‌కు రైలు 1860లో వచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్కన్ అంతా కరువు. 1877లో ఇక్కడ మొదటి మిల్లు నడక మొదలుపెట్టింది, మనం పాత మిల్లు అని పిలుచుకునేది. నిజాం రాజ్యంలోని తెలంగాణ ఊళ్ళ నుంచి నేతపని తెలిసిన కుటుంబాలు ఆ కాలంలోనూ, తర్వాతి దశాబ్దాల్లోనూ మూటాముల్లె కట్టుకుని వచ్చి ఇక్కడ పేటలు నింపాయి. చేమగ్గం, మిల్లు, ఆ తర్వాత పవర్‌లూమ్. షోలాపూర్ చద్దరు, టెర్రీ టవలు రెండింటికీ ఇవాళ భౌగోళిక గుర్తింపు ఉంది. చద్దరు మీది నెమలి, పువ్వు, గుడి అంచు, మూలన నేతలోనే పెట్టిన కార్ఖానా పేరు, అన్నీ గళ్ళ కాగితం దాటి వచ్చినవే. దేవుళ్ళ పటాలు, నాయకుల ముఖాలు నేసిన గోడ పటాలూ అంతే. ముఖంలో ముక్కు కిందపడే నీడను గళ్ళల్లో పట్టుకోవడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళకే తెలుసు.

ఆ కథలో మన ఆడవాళ్ళు ఎక్కడున్నారు? కండెలు చుట్టినవాళ్ళు, చద్దరు అంచులు కుట్టి మడతలు పెట్టినవాళ్ళు, మిగిలిన పొద్దంతా తూనికాకు కత్తిరించి బీడీలు చుట్టినవాళ్ళు. కూలి వెయ్యికి ఇంత అని లెక్క. కుంభారి దగ్గర బీడీ కార్మికుల పదివేల ఇళ్ళ కాలనీ 2006లో తెరుచుకున్నప్పుడు ఆ ఇళ్ళకు పునాది ఈ వేళ్ళే. కానీ నేసిన సరుకు మీద పేరు కార్ఖానాది, చుట్టిన బీడీ కట్ట మీద పేరు కంపెనీది. ఆమె పేరు ఉన్న వస్తువు ఏదైనా ఉందా అని వెతికితే, చాలా ఇళ్ళల్లో దొరికేది ఆ 'వెల్‌కమ్' గుడ్డ ఒక్కటే. మూలన చిన్నగా రెండు అక్షరాలు, కింద సంవత్సరం. కూలి లేని పని కాబట్టి దాని మీద పేరు పెట్టుకోనిచ్చారు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన వస్తువు దగ్గరికి వస్తున్నాను. అది మన తెలుగు అక్షరం.

మన ఇళ్ళల్లో తెలుగు నోట్లో ఉంది, కంటికి లేదు. పిల్లలు నాయనమ్మతో తెలుగు మాట్లాడుతారు, బోర్డు మరాఠీలో చదువుతారు, మెసేజ్ ఇంగ్లీషు అక్షరాల్లో పెడతారు. ఈ ఊళ్ళో తెలుగు మీడియం బడులు ఉన్నా, వాటిలో పిల్లల్ని వేసే ఇళ్ళు ఏటేటా తగ్గుతున్నాయి. తప్పెవరిదని కూర్చుని తగాదా పడితే అక్షరం రాదు. "తెలుగు నేర్చుకో" అని పుస్తకం చేతికిస్తే పిల్ల ముఖం ప్యాటీ పోక్ ముఖంలా మారుతుంది. నవ్వొచ్చే మాట ఒకటి కుడదాం రా అంటే కూర్చుంటుంది. నాలుగు వందల ఏళ్ళ కింద జేన్ బోస్టాక్ గుడ్డ మీద అక్షరమాల ఎందుకుందో అందుకే కుడదాం. చదివి మరిచిపోయిన అక్షరం ఉంటుంది గాని, గళ్ళు లెక్కపెట్టి కుట్టిన అక్షరాన్ని చేయి మరిచిపోదు.

ఒక చిక్కు ఉంది. మరాఠీ అక్షరానికి నెత్తిన అడ్డగీత, పక్కన నిలువుగీత. గళ్ళల్లో హాయిగా కూర్చుంటుంది. మన అక్షరాలు గుండ్రం. తాటాకు మీద గంటంతో అడ్డంగా గీస్తే ఆకు చీలిపోతుందని మన లిపి గుండ్రం తిరిగిందని పెద్దలు చెబుతారు. తాటాకుకు మేలైన గుండ్రం గళ్ళ గుడ్డ మీద మెట్లమెట్లుగా విరుగుతుంది. దీనికి మందు మన కార్ఖానా డిజైనర్ల దగ్గర ఎప్పుడో ఉంది. నెమలి మెడ వంపును గళ్ళల్లో తిప్పినవాళ్ళకు సున్న తిప్పడం ఎంత పని?

సున్నతోనే మొదలుపెట్టండి. అడ్డం ఏడు, నిలువు ఏడు గళ్ళు తీసుకోండి. మొదటి వరుసలో నడిమి మూడు గళ్ళు కుట్టండి. రెండో వరుసలో రెండో గడి, ఆరో గడి. మూడు, నాలుగు, అయిదు వరుసల్లో మొదటి గడి, ఏడో గడి. ఆరో వరుస రెండో వరుసలాగే, ఏడో వరుస మొదటి వరుసలాగే. మొత్తం పదహారు కుట్లు, సున్న తయారు. దాని నెత్తిన తలకట్టు కావాలి. పైన ఉన్న వరుసలో నాలుగో గడి ఒకటి, ఆ పై వరుసలో మూడు, అయిదు గళ్ళు, ఇంకా పై వరుసలో ఆరో గడి. నాలుగు కుట్లతో తలకట్టు, ఇరవై కుట్లతో 'ర'. లోపల సరిగ్గా నడిమిన ఒక చుక్క కుడితే 'ఠ'. ఒక్క సాయంత్రంలో పిల్లకు సున్న, ర, ఠ మూడూ వచ్చేశాయి.

కొత్తవాళ్ళకు నాలుగు జాగ్రత్తలు. గుడ్డ అంగుళానికి 11 గళ్ళదైతే కళ్ళకు సుఖం, 14 గళ్ళదైతే పని నాజూకు. దారం లడీలో ఆరు పోగులుంటాయి, రెండు తీసి వాడితే చాలు. సూది మొన మొద్దుగా ఉండాలి, గుడ్డను పొడవొద్దు, గళ్ళ మూలల్లోని రంధ్రాల్లోంచి పోవాలి. ఇంటూ మార్కులో పైకి వచ్చే కాలు ప్రతి గడిలో ఒకే వైపు వాలాలి. అది తప్పితే నేతలో పోగు తప్పినట్టే, దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. గుడ్డను నాలుగు మడతలు పెట్టి నడిమి చుక్క పట్టుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి. అక్షరానికి ఏడు గళ్ళు, మధ్య రెండు ఖాళీ అనుకుంటే పన్నెండు అక్షరాల మాటకు 106 గళ్ళు. 14 గళ్ళ గుడ్డ మీద ఏడున్నర అంగుళాలు పైన, 11 గళ్ళ దాని మీద దగ్గర దగ్గర పది అంగుళాలు. గుడి, కొమ్ముల కోసం పైన, ఒత్తుల కోసం కింద జాగా వదలండి. లేకపోతే 'అత్త' ఒత్తు వచ్చి అంచు పూలల్లో కూర్చుంటుంది.

చేయి తిరిగిన అక్కలకు వేరే పని ఉంది. వంపుల దగ్గర గడిలో పావు కుట్టు, అరకుట్టు వేసి మెట్లు కనిపించకుండా చేయడం, సన్నని ఒత్తులను వెనక కుట్టుతో గీతలా లాగడం మీకే సాధ్యం. అంచుకు ఫోన్‌లో దొరికే విలాయతీ గులాబీలు ఎందుకు? మీ ఇంటి పెట్టెలోని పాత చద్దరు తీయండి. దాని నెమలిని, గుడి అంచును గళ్ళ కాగితం మీదికి దించండి. నేత నుంచి కాగితానికి వెనక్కి నడవడం అన్నమాట.

ఇక మాటలు. పుస్తకాల తెలుగు వద్దు, మన నోటి తెలుగే కుట్టండి. మచ్చుకు నాకు తోచినవి:

"వెయ్యి అయినంకనే వంట."

"కరెంటు పోయింది. నేను పోలే."

"లొల్లి చెయ్యకుండ్రి, రాత్రి పాళి మనిషి పండుకున్నడు."

"పల్లికారం అయిపోయింది. ఇగ చుట్టాలు పోవచ్చు."

"చద్దరు నాది, గురక నీది."

మీవి ఇంతకన్నా బాగుంటాయని తెలుసు. ఒక్క మాట మాత్రం. ప్యాటీ తన మీద పెత్తనం చేసినవాళ్ళ మీద విసుక్కుంది, కాస్డాగ్లీ తనను కట్టేసినవాళ్ళను వెక్కిరించాడు. మనకన్నా పైనున్న వాళ్ళ మీదా, మన మీద మనమూ నవ్వుకుందాం. ఇంటికొచ్చిన కోడలి రంగు మీద, పక్క కులం మీద, లేనివాళ్ళ మీద కుట్టే మాటకు గోడ మీద చోటు వద్దు. రెండు వారాలు కుట్టాలి కదా, అంతసేపు ఆ మాట మన చేతిలోనే ఉంటుంది.

మగవాళ్ళు ఇంతవరకు చదివి "మనకేం సంబంధం" అనుకుంటే, వాళ్ళకూ ఒక పని ఉంది. ఇప్పుడు డిజైన్ కంప్యూటర్‌లో వేస్తున్నారు. కార్డుల మాలల అవసరం తగ్గింది. చేత్తో గ్రాఫ్ వేసిన పాత కాగితాలు ఎన్నో కార్ఖానాల అటకల మీద చెదలు తింటున్నాయి, కొన్ని రద్దీలోకి పోతున్నాయి. కాటా మీద వాటి విలువ కిలోకు కొన్ని రూపాయలు. వాటిలో ఉన్నది మన ఊరి నెమళ్ళు, మన ఊరి పూలు, గళ్ళు లెక్కపెట్టిన ఒక మనిషి జీవితకాలం. పారేసే ముందు ఒక్క ఫోటో తీయండి. గ్రాఫ్ వేసే పని చేసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళను ఆడపిల్లల ముందు కుర్చీ వేసి కూర్చోబెడదాం. సున్న ఎట్ల తిప్పాలో, మెడ వంపు ఎట్ల తిప్పాలో వాళ్ళు చెప్తారు, పిల్లలు కుడతారు. కార్ఖానాలో గిరాకీ తగ్గిన విద్యకు ఇంట్లో గిరాకీ పుడుతుంది.

అట్లనే మీ ఇంట్లో అవ్వ కుట్టిన 'వెల్‌కమ్', చిలకలు, బాతులు, సగంలో ఆపేసిన గుడ్డలు, అన్నిటికీ ఫోటో తీసి పెట్టండి. కుట్టిన ఆమె ఎవరు, ఏ పేట, ఏ ఏట కుట్టింది, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే రాయండి. సగంలో ఆగిన వాటిని సిగ్గుపడి దాచకండి. ఎలిజబెత్ గుడ్డ కూడా సగంలోనే ఆగింది, మ్యూజియం దాన్ని అట్లనే దాచుకుంది.

నూలు పున్నమికి మార్కండేయుడి రథం మన పేటల్లో తిరుగుతుంది. దారం మన ఇంటి పండుగ. వచ్చే నూలు పున్నమి నాటికి ప్రతి ఇంట్లో ఒక్క పిల్ల, ఒక్క తెలుగు మాట, నవ్వొచ్చేది, తన చేత్తో కుట్టి, మూలన తన పేరు తెలుగులో పెట్టాలి. పేరులో ఎన్ని గళ్ళు పడతాయో ఈ రాత్రే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. కాగితం, పెన్సిలు చాలు.

జై మార్కండేయ.